సర్ డొనాల్డ్ బెయిలీ - బొమ్మ వంతెనలు చేసిన ఇంజనీరు

ఇంజనీర్స్‌లో పనిచేసిన మిత్రులకి బెయిలీ పేరు చెప్పనక్కరలేదు. ప్యానెల్ మోసిన భుజానికే ఆ పేరు బాగా గుర్తుంటుంది. ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీ, సప్లై వాళ్ళు కూడా సర్వీసులో ఎప్పుడో ఒకప్పుడు ఆ వంతెన మీదుగా బండిలో వెళ్ళినవాళ్ళే. కింద చెక్కలు టకటకా చప్పుడు చేస్తుంటే నిద్రమత్తు వదిలి బయటికి తొంగి చూసినవాళ్ళే. అయినా బెయిలీ అన్నది ఒక మనిషి పేరని తెలియనివాళ్ళు మనలో చాలామంది వున్నారు. కంపెనీ పేరనుకుంటారు, లేదా ఇంగ్లాండులో ఏదో వూరి పేరనుకుంటారు. అందుకని ఈ సంచికకి ఆయన జీవితం రాస్తున్నాను.

డొనాల్డ్ కోల్‌మన్ బెయిలీ 1901 సెప్టెంబరు 15న ఇంగ్లాండులో యార్క్‌షైర్ జిల్లా రోథర్‌హామ్‌లో పుట్టారు. అది ఇనుము, ఉక్కు పనులకి పేరుపడ్డ వూరు. పక్కనే వున్న షెఫీల్డ్ యూనివర్సిటీలో చదివి 1923లో ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. కొన్నాళ్ళు రైల్వేలో, మరికొన్నాళ్ళు షెఫీల్డ్ నగర ఇంజనీరు ఆఫీసులో పనిచేసి, 1928లో క్రైస్ట్‌చర్చ్‌లోని సైన్యపు వంతెనల ప్రయోగ కేంద్రంలో చేరారు. యూనిఫాం వేసిన మనిషి కాదు, సివిలియన్. ఖాళీ దొరికినప్పుడల్లా చిన్న చిన్న వంతెనల నమూనాలు తయారుచెయ్యడం ఆయన సరదా. మన దగ్గర పెద్ద ఉద్యోగం చేసే మనిషి అలా కూర్చుని బొమ్మలు చేస్తే ఇంట్లోవాళ్ళే నవ్వుతారు!

1936లోనే ఆయన తన వంతెన ఆలోచనని పైవాళ్ళ ముందు పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు. నాలుగేళ్ళు అది అలాగే పడివుంది. ఈలోపు యుద్ధం వచ్చింది. ట్యాంకులు ఏటేటా బరువెక్కుతున్నాయి, చేతిలో వున్న వంతెనలు ఆ బరువుకి చాలడం లేదు. 1940లో ఇంకో రకం వంతెన పరీక్ష విఫలమై కారులో తిరిగివస్తూ, జేబులోంచి పాత కవరు తీసి దాని వెనక వైపు బెయిలీ తన వంతెన బొమ్మ గీశారని చెప్తారు. ఆ కవరు కథే లోకంలో ప్రచారమైంది. నాకు మాత్రం ఆ కవరు కంటే దాని వెనక వున్న సంవత్సరాలే గొప్పగా కనిపిస్తాయి. చేతులతో అన్నేళ్ళు నమూనాలు చేసిన మనిషి కాబట్టే కవరు మీద అయిదు నిమిషాల్లో గీయగలిగారు.

ఆయన ఆలోచన ఏమిటంటే, వంతెన మొత్తం ఒకే రకం ముక్కతో కట్టాలి. ఆ ముక్క పేరే ప్యానెల్. పొడవు 10 అడుగులు, ఎత్తు సుమారు 5 అడుగులు, బరువు 570 పౌండ్లు, అంటే దాదాపు 260 కిలోలు. ఆరుగురు మోస్తారు, 3 టన్నుల లారీలో పడుతుంది. ఒకదాని కొసకి ఇంకోటి పెట్టి పిన్ను కొడితే అతుక్కుంటుంది. పొడవు కావాలంటే ప్యానెళ్ళు కలుపుకుంటూ పోవాలి, బలం కావాలంటే పక్కన ఇంకో వరస, పైన ఇంకో అంతస్తు వెయ్యాలి. క్రేన్ అక్కరలేదు. స్పానర్లు, సుత్తులు, మనుషులు వుంటే చాలు. అవతలి గట్టు మీద మనవాళ్ళు ఎవరూ లేకపోయినా, ఇవతలి నుంచే రోలర్ల మీద తోసి దాటించవచ్చు.

ఈ మాటలు కాగితం మీద చదివితే సగమే అర్థమవుతాయి. రిటైరయ్యాక నేను బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో వుంటున్నాను. ఇక్కడి స్కూలు ఎగ్జిబిషన్లలో పిల్లలు తెచ్చే వంతెనలు ఎక్కువగా థర్మోకోల్‌వి. రంగు బాగుంటుంది గానీ ఒక్క ముక్కా కదలదు. పనిచేసే బెయిలీ నమూనా ఒకటి చేసి చూపిద్దామని పూనుకున్నాను. పదో వంతు కొలత పెట్టుకున్నాను. ప్యానెల్ ఒక అడుగు పొడవు, అరడుగు ఎత్తు. అసలు పిన్ను లావు 1 అంగుళం 7/8, కాబట్టి నాకు 5 మిల్లీమీటర్ల చువ్వ సరిపోయింది. వంతెనకి పన్నెండు ప్యానెళ్ళు, ముందుండే ముక్కుకి ఎనిమిది, మొత్తం ఇరవై.

ఇనుప పనికి కొండగావ్ వెళ్ళాను. అక్కడి లోహార్లు కొలిమిలో ఇనుము కాల్చి, సుత్తితో సాగదీసి దీపాలు, జింకలు, మనుషుల బొమ్మలు చేస్తారు. దేశమంతా పేరున్న పని అది. వాళ్ళు చేసిన రెండు జింకలు ఎన్నడూ ఒకేలా వుండవు, అదే వాటి అందం. నాకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. ఇరవై ప్యానెళ్ళూ ఒక్కలాగే వుండాలి. పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. అప్పుడు మందపాటి ఇనుప పలక మీద నాలుగు గూటాలు బిగించిన అచ్చు ఒకటి తయారుచేసి ఇచ్చాను. ప్రతి ప్యానెల్ బెజ్జాలూ ఆ గూటాల్లోకి దిగితేనే పాస్ అన్నమాట. మూడో ప్యానెల్‌కి ఆయనకే పట్టు చిక్కింది. లెక్క ప్రకారం ఒక్కోటి 260 గ్రాములు తూగాలి. అతుకుల్లో లోహం ఎక్కువ పడి 310 దాకా వచ్చాయి.

స్కూల్లో పెట్టిన మొదటి పరీక్ష ఇది: ప్యానెళ్ళన్నీ కుప్పపోసి, కలగాపులగం చేసి, పిల్లల్నే కట్టమన్నాను. ఏది ఎక్కడ పెట్టినా పిన్ను దిగింది. యుద్ధకాలంలో బెయిలీ గారి ప్యానెళ్ళు, వాటి విడిభాగాలు 650కి పైగా సంస్థలు చేశాయి. వాటిలో అంతకుముందు వంతెన ముఖం చూడనివే ఎక్కువ. ఒక వూళ్ళో చేసిన ప్యానెల్ ఇంకో వూళ్ళో చేసిన దానికి నది ఒడ్డున, చీకట్లో కలవాలి. ఆ వంతెన ప్రాణమంతా ఆ అచ్చులోనే వుంది.

రెండోది దాటింపు. రెండు బల్లల మధ్య అయిదున్నర అడుగుల ఖాళీ పెట్టాం. ఆరడుగుల వంతెన ముందు నాలుగడుగుల ముక్కు తగిలించాం. ముక్కుకి చెక్కలుండవు, ఉత్త అస్థిపంజరం, తేలిక. వెనక వున్న అసలు వంతెన బరువు దాన్ని పట్టివుంచుతుంది కాబట్టి, అవతలి బల్ల అందేదాకా ముందుకి తూలదు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. అవతలికి చేరాక ముక్కు విప్పేశాం.

మూడోది బరువు. ఇక్కడే నమూనా మనల్ని మోసం చేస్తుంది. 15 టన్నుల లారీకి వెయ్యో వంతు 15 కిలోలు. ఆ లెక్కన చిన్న బియ్యం సంచి పెడితే వంతెన చెక్కుచెదరలేదు, పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కొలత పదో వంతుకి దిగితే బరువు వెయ్యో వంతుకి దిగుతుంది, ఇనుము అడ్డుకోత వైశాల్యం మాత్రం నూరో వంతుకే దిగుతుంది. అంటే బొమ్మ వంతెన తన బరువుతో పోలిస్తే అసలు దానికంటే పదింతలు బలంగా వుంటుంది. అసలు వంతెన పడే కష్టం దీనికి తెలియాలంటే 150 కిలోలు పెట్టాలి. ఇద్దరు టీచర్లు, ఒక పిల్లవాడు మధ్యలో ఎక్కి నిలబడ్డారు. నాలుగు మిల్లీమీటర్లు వంగింది, దిగగానే లేచింది.

ఈ సంగతి బెయిలీ గారికి బాగా తెలుసు. ముక్కలు కలుస్తాయా, దాటుతుందా అన్నది నమూనా చెప్తుంది. మోస్తుందా అన్నది అసలు కొలతలో కట్టి చూడాల్సిందే. 1941 ఫిబ్రవరి 14న ప్రభుత్వం అడిగింది, మే 1 నాటికి అసలు కొలత వంతెన సిద్ధంగా వుండాలని. రెండున్నర నెలలు! క్రైస్ట్‌చర్చ్‌లో పొలానికి అడ్డంగా, నేలకి రెండడుగుల ఎత్తున కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత ట్యాంకుల్లో ఇనుప దిమ్మలు నింపి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరీక్షించారు. విరిగినా మనిషి చావకూడదు కదా, అందుకే ఆ రెండడుగులు.

ఆ జూలైలో ఉత్పత్తి మొదలైంది, డిసెంబరుకల్లా సైన్యానికి అందింది. 1942 నవంబరు 26 రాత్రి ట్యునీసియాలో మెజెర్దా నది మీద యుద్ధరంగంలో మొదటి బెయిలీ వంతెన కట్టారు. ఇటలీలో జర్మన్లు వెనక్కి పోతూ వంతెనలన్నీ పేల్చేస్తే, మూడు వేలకి పైగా బెయిలీ వంతెనలు లేచాయి. సాంగ్రో నది మీద ఒక్కటే 1,126 అడుగులు. మనకి దగ్గరి కథ బర్మాది. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చిండ్విన్ నది మీద 14వ సైన్యం ఇంజనీర్లు 1,154 అడుగుల తేలే బెయిలీ వంతెన వేశారు. అప్పటికి ప్రపంచంలో అంత పొడవైనది లేదు. ఆ సైన్యంలో అధికభాగం మన భారతీయులే.

పేరు ఒక్కరిదే అయినా పనిలో ఇతరుల చెయ్యి వుంది. సిడ్నీ హార్బర్ వంతెన డిజైన్ చేసిన రాల్ఫ్ ఫ్రీమన్ దీనికి చాలా సాయం చేశారు. న్యూజిలాండ్ ఇంజనీరు ఆర్కిబాల్డ్ హామిల్టన్ తన వంతెన పద్ధతినే వాడుకున్నారని ఫిర్యాదు చేశారు, యుద్ధం తర్వాత ఆయనకీ పరిహారం ముట్టింది. దీనివల్ల బెయిలీ గారి గొప్ప తగ్గిందని నేననుకోను. రాసేటప్పుడు ఉన్నదున్నట్టు రాయాలి.

1946లో ఆయనకి సర్ బిరుదు ఇచ్చారు. తర్వాత ఆ ప్రయోగ కేంద్రానికే డైరెక్టరై, 1962 నుంచి 1966 వరకు ష్రివెన్‌హామ్‌లోని మిలిటరీ సైన్స్ కాలేజీలో డీన్‌గా పనిచేశారు. 1985 మే 5న, 83 ఏళ్ళ వయసులో బోర్న్‌మత్‌లో కన్నుమూశారు.

బస్తర్‌లో వానాకాలం ఎలా వుంటుందో ఇటు పనిచేసిన మిత్రులకి తెలుసు. ఇంద్రావతి, శబరి, చింతవాగు పొంగితే అవతలి ఊళ్ళు దీవులే. రేషను ఆగిపోతుంది, కాన్పుకి వెళ్ళాల్సిన ఆడకూతురు గట్టునే ఆగిపోతుంది. అందుకే ఇక్కడి పిల్లలు ఆ నమూనాని ఆటబొమ్మలా చూడలేదు. ఒక పిల్ల అడిగింది, మా వాగు వెడల్పుకి ఎన్ని ప్యానెళ్ళు కావాలని. వెడల్పు కొలిచి తెమ్మన్నాను. తాడుకి ముళ్ళు వేసి కొలుచుకొచ్చింది, 80 అడుగులు. గట్ల మీద ఆనడానికి చోటు కలుపుకుంటే తొమ్మిది బేలు, ఒక్క వరసైతే పద్దెనిమిది ప్యానెళ్ళు. లారీ దాటాలంటే వరస రెట్టించాలి, ముప్పై ఆరు. ముక్కుకి వేరే. ఆ లెక్క నోటుబుక్కులో రాసుకుంది.

2024 ఆగస్టు 1న వయనాడ్‌లో, కొండచరియలు విరిగిపడ్డ చూరల్‌మల దగ్గర, మన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వాళ్ళు 190 అడుగుల బెయిలీ వంతెన పూర్తిచేసి బండ్లు దాటించారు. రాత్రీ పగలూ వానలో కట్టారు. టీవీలో ఆ పిల్లతో కలిసి చూశాను. ప్యానెళ్ళు లెక్కపెట్టుకుంటూ చూసింది.