పాములకు వెచ్చని ఇల్లు కట్టిన జోన్

పాము పేరెత్తితేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మాది చిత్తూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు చెరకు తోటలోకి పోవాలంటే, మా అవ్వ ముందు కట్టెతో నేల మీద చప్పుడు చేశాక గానీ అడుగు పెట్టనిచ్చేది కాదు. అలాంటి నేను ఇవాళ తిరుపతిలో మా ఇంట్లో, బట్టల బీరువా పక్కన, ఓ కొండచిలువ పిల్లకు పూటపూటా వేడి చూస్తున్నానంటే మా అక్కచెల్లెళ్లు నమ్మడం లేదు.

కంగారు పడకండి. ఇది మన అడవుల్లో తిరిగే కొండచిలువ కాదు. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. పొలంలో కనబడితే అటవీశాఖ వాళ్లకు చెప్పాల్సిందే. మా ఇంట్లోది ఆఫ్రికా జాతి. భయమేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే బాల్ పైథాన్ అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మావాడు ముచ్చటపడి కొని, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించి, ఆనక తీరిక లేక చెల్లెలికి అప్పగించాడు. మా అమ్మాయి ఇక్కడే పశువైద్య కళాశాలలో చదువుతోంది. అన్న కాగితాలు మార్పించి ఇవ్వడమే ఆలస్యం, ఎగిరి గంతేసింది.

పోయిన డిసెంబరులో మా అమ్మాయి వారం రోజులు క్యాంపుకు పోతూ, పెట్టెకు ఒక చివర కింద ఉన్న కరెంటు పట్టాను ఆపొద్దని పదిసార్లు చెప్పింది. నాకేమో రాత్రిపూట భయం. ఎక్కడైనా వైరు కాలితే? మీటరు తిరిగే సంగతీ మనసులో లేకపోలేదు. పడుకునే ముందు స్విచ్ తీసేసి, చలికి పాపమని పాత దుప్పటి మడిచి పెట్టె మీద కప్పేదాన్ని. పొద్దున లేచి మళ్లీ వేసేదాన్ని. మూడో రోజు తెల్లారి చూద్దును కదా, అమ్మాయి పోయే ముందు తినిపించిన చిట్టెలుక అరక్కుండా బయట పడి ఉంది. ఇల్లంతా ఒకటే కంపు. పిల్ల పాము చల్లని మూలలో కదలకుండా పడి ఉంది. నా చేతులతో చంపేశాననే అనుకున్నాను.

మా అమ్మాయి రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చేసింది. తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. దుప్పటి మనకు వేడినివ్వదమ్మా, మన ఒంటి వేడిని బయటికి పోనీయదు, అంతే అంది. ఒంట్లో వేడే పుట్టనిదానికి ఎన్ని దుప్పట్లు కప్పితే ఏం లాభం? పాముకు తిన్నది అరగాలంటే బయటి వేడి కావాలి. పిల్లపాము అయితే మరీను. వేడి తగ్గితే లోపలి తిండి కుళ్లుతుంది, కక్కేస్తుంది. ఇక రెండు వారాలు దానికి ఏమీ పెట్టకూడదంది. నీళ్లు మాత్రమే.

ఆ రెండు వారాలు నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు మా అమ్మాయి నాకు చెప్పింది జోన్ ప్రోక్టర్ కథ. తర్వాత దాని పుస్తకాలు తీసి నేనే చదువుకున్నాను.

జోన్ 1897 ఆగస్టు 5న లండన్‌లో పుట్టింది. తండ్రి షేర్ల వ్యాపారి, తల్లి బొమ్మలు వేసేది. అక్క క్రిస్టాబెల్‌కు మొక్కల పిచ్చి. జోన్‌కు మాత్రం బల్లులు, పాములు. పదేళ్ల వయసుకే ఓ పెద్ద బల్లిని పెంచింది. అది భోజనాల బల్ల మీద ఆమె కంచం పక్కనే కూర్చునేదట. ఆ తల్లి ఎలా ఊరుకుందో! నేనైతే కంచం వదిలి పారిపోయేదాన్ని. పదహారేళ్లకు మొసలి పిల్లను తెచ్చుకుని, దాన్ని బడికి, అందులోనూ లెక్కల క్లాసుకు తీసుకుపోయింది.

తెలివికి లోటు లేదు గానీ ఆరోగ్యమే లేదు. చిన్నప్పటి నుంచీ పేగుల జబ్బు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. కేంబ్రిడ్జికి పోవాల్సిన పిల్ల ఆ జబ్బుతోనే ఆగిపోయింది. అయితే బ్రిటిష్ మ్యూజియంలో సరీసృపాల విభాగం చూసే జార్జ్ బౌలెంజర్ ఆ పిల్ల ఆసక్తిని ముందే కనిపెట్టి ఉన్నాడు. 1916లో తన దగ్గర సహాయకురాలిగా చేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ల ప్రాయంలోనే ఆమె విషసర్పాల మీద వ్యాసం రాసి, జంతుశాస్త్ర సంఘంలో సభ్యురాలైంది. 1920లో బౌలెంజర్ రిటైరయితే ఆ పనంతా ఆమె చేతికే వచ్చింది. డిగ్రీ లేదు. పట్టుమని పాతికేళ్లు లేవు.

1923లో లండన్ జూలో పాముల విభాగానికి క్యురేటర్ అయింది. ఆ పదవిలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. ఇక్కడి నుంచే మా ఇంటి అద్దాల పెట్టెకు ఆమెకూ సంబంధం.

చల్లటి దేశంలో ఎండదేశపు పాములను పెంచాలంటే గది మొత్తాన్ని వేడి చేయడం ఒక పద్ధతి. కానీ అడవిలో పాము అట్లా బతకదు కదా. పొద్దున బండ మీద ఎండ కాచుకుంటుంది, ఒళ్లు కాగగానే నీడలోకో పుట్టలోకో జరుగుతుంది. ఎంత వేడి కావాలో దానికే తెలుసు. మనం చేయాల్సిందల్లా ఎండా నీడా రెండూ అందుబాటులో ఉంచడమే. జోన్ ఇదే పట్టుకుంది. కొత్త పాముల ఇంటికి తానే నమూనా గీసింది. ఎడ్వర్డ్ గై డాబర్ అనే ఆర్కిటెక్టుతో కలిసి కట్టించిన ఆ ఇల్లు 1927లో తెరుచుకుంది. కరెంటుతో ఒక్కో గదికి, ఆ గదిలోనే ఒక్కో చోటుకు వేర్వేరు వేడి అమర్చింది. సూర్యకాంతిలో ఒంటికి పనికొచ్చే కిరణాలు లోపలికి వచ్చేలా ప్రత్యేకమైన అద్దం వేయించింది. జనం నిలబడే చోటు మసకగా, పాముల గదులు వెలుగుగా ఉంచింది. కరెంటు పొయ్యి చాలా ఇళ్లలో ఇంకా కనబడని రోజుల్లో పాముకు కరెంటు వేడి!

కొండచిలువలను, మొసళ్లను చేత్తో పట్టుకునేది. జబ్బుపడితే వైద్యమూ చేసేది. ఆ ఇల్లు తెరిచిన ఏడాదే ఇండోనేషియా దీవుల నుంచి కొమోడో డ్రాగన్లు రెండు వచ్చాయి. మన ఉడుముకు పెద్దన్నలాంటివి. వాటిలో సుంబావా అనేది ఆమెకు బాగా మాలిమి అయింది. 1928 అక్టోబరులో శాస్త్రవేత్తల సభకు దాన్ని తీసుకుపోతే, పెద్ద కోడిని, గుడ్లను, పావురాన్ని ఆమె చేతి మీదుగా తిని, ఒళ్లు గోకించుకుని బుద్ధిగా ఉందట. తోక పట్టుకుని దారి మళ్లిస్తూ జూలో షికారు తిప్పేది. జబ్బు ముదిరి నడవలేకపోయినా చక్రాల కుర్చీలో తిరుగుతూ పని చూసుకుంది. 1931లో చికాగో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కేంబ్రిడ్జికి పోలేకపోయిన పిల్లకు! అదే ఏడాది సెప్టెంబరు 20న కన్నుమూసింది. 34 ఏళ్లు. మా అమ్మాయి ఆ వయసుకు చేరడానికి ఇంకా పుష్కరం పడుతుంది. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు వంటింట్లో కూర్చున్నాను.

సరే, మా పెట్టె సంగతి. మా అమ్మాయి అన్నీ మళ్లీ నాకు మొదటి నుంచీ నేర్పింది. ఒక చివర 31 నుంచి 32 డిగ్రీలు, ఆ రెండో చివర 25 నుంచి 27. రాత్రయినా 24కి తగ్గకూడదు. రెండు చివర్లా థర్మామీటరు ఉండాలి, చేత్తో తడిమి చూసి బాగుందనుకుంటే కుదరదు. పట్టాకు థర్మోస్టాట్ తగిలించి తీరాలి. అదుంటే వేడి మితిమీరదు, నా వైరు భయమూ సగం తీరింది. రెండు వైపులా దూరి దాక్కునేందుకు బోర్లించిన కుండపెంకులు. ఒకే వైపు పెడితే భయానికి అక్కడే ఉండిపోయి, వేడి ఎక్కువైనా తక్కువైనా ఓర్చుకుంటుందట. ఆడవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నట్టు మన కొండచిలువ తల్లి ఏం చేస్తుందో తెలుసా? గుడ్ల చుట్టూ చుట్టుకుని, చలేస్తే కండరాలను వణికించి వేడి పుట్టిస్తుంది. దాదాపు రెండు నెలలు అట్లాగే. రెండు వందల ఏళ్ల క్రితం విశాఖపట్నంలో పాముల మీద పరిశోధన చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చేసిన పుస్తకంలో దాని పేరు తెలుగులో పిలిచినట్టే పెద్దపొడ అని రాసుకున్నాడు.

పదిహేనో రోజు మునుపటి దానికంటే చిన్న ఎలుకను పెట్టింది మా అమ్మాయి. మింగింది. ఒక రోజు, రెండు రోజులు, నేను గంటకోసారి తొంగి చూడటమే పని. పాము వెచ్చని పెంకు కింద చుట్టుకుని పడుకుంది. నాలుగో రోజుకు పొట్ట ఉబ్బు తగ్గింది. అప్పుడు గానీ నాకు అన్నం సయించలేదు.

చలికాలం గండం గట్టెక్కిందనుకుంటే వేసవి వచ్చింది. మన తిరుపతి ఎండలు తెలియనివా? మేలో బయట 42 దాటితే మేడ మీద గదిలో 37. పట్టా ఆపేసినా పెట్టె అంతా పొయ్యే. 35 దాటితే పాముకు ప్రాణం మీదికే వస్తుంది, చలి కంటే వేడి తొందరగా చంపుతుంది. పెట్టెను కిందింటి పడమటి ఎండ తగలని గదిలోకి మార్చాం. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో నీళ్ల సీసాను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, పెట్టె మూత మీద ఓ మూల పెట్టేదాన్ని. ఈసారి థర్మామీటరు చూసుకునే చేశాను లెండి.

నిన్న పొద్దున కుబుసం విడిచింది. మూతి దగ్గర నుంచి తోక కొస దాకా ఎక్కడా చిరగకుండా ఒకే ముక్క. మా అమ్మాయి లేచేలోగా నేనే తీసి, పాత చీర మీద పొడుగ్గా పరిచి ఉంచాను.