పుస్తకము చూచి పట్టు సాధించిన ఆచార్యుడు

పుస్తకము చదివి ఈత నేర్వవచ్చునా అని అడిగిన నవ్వనివా రుండరు. కుస్తీ విషయమునను లోకాభిప్రాయ మిట్టిదే. వస్తాదు ఎదుట నిలిచి, గోదాలో మట్టి కరచిన గాని పట్టు అబ్బదందురు. కాని గ్రంథాలయములోని పుస్తకము నాశ్రయించి ఒక ఎత్తును సాధించి, గురువు గతించిన పిమ్మట ఆయన వ్రాతచుట్టలను ముందిడుకొని పరిశ్రమించి, కడకు ఒక క్రొత్త విద్యకే మూలపురుషుడైన మహనీయు డొకడు జపాను దేశమున నుండెను. ఆయనయే జూడో నిర్మాత జిగోరో కానో.

కానో 1860వ సంవత్సరమున, నేటి కోబే నగరములో చేరియున్న మికగె యందు జన్మించెను. బాల్యముననే తల్లి గతించెను. పిమ్మట తండ్రి వెంట టోకియో చేరి చదువుకొనెను. చదువున చురుకైనవాడే గాని దేహము చిన్నది. బలవంతులగు తోటి విద్యార్థులచేత దెబ్బలు తినుట పరిపాటి అయ్యెను. బలహీనుడు బలవంతుని గెలువగల ఉపాయము జుజుత్సు విద్యలో కలదని విని, అది నేర్పువారికై వెదకసాగెను. సమురాయిల ప్రాభవ మంతరించి, పాతవిద్యలు నిరాదరణకు లోనైన కాలమది. తుదకు 1877లో, విశ్వవిద్యాలయమున చదువుచుండగా, తెన్జిన్ షిన్యో సంప్రదాయమునకు చెందిన ఫుకుద హచినొసుకె గురువుగా లభించెను.

ఫుకుద ఎక్కువగా వివరించి చెప్పువాడు కాడు. శిష్యుని మరల మరల పడవేసి, దేహమునకే బోధించువాడు. ఆ తాలింఖానాలో ఫుకుషిమ అను భారీకాయు డుండెను. ఎంత ప్రయత్నించినను అతడు కానోకు లొంగలేదు. సుమో పట్లు ప్రయోగించి చూచెను, ఫలింపలేదు. అప్పుడు గ్రంథాలయమునకు పోయి, పాశ్చాత్య మల్లవిద్యను గూర్చిన పుస్తకమును పరిశీలించెను. అందు గమనించిన ఎత్తు నొకదానిని మిత్రులపై సాధన చేసి, ఒకనాడు ఫుకుషిమను భుజములపై కెత్తి పడవేసెను. నేడు జూడోలో కత-గురుమ, అనగా భుజచక్రము, అని పిలువబడు ఎత్తు అదియే. పుస్తకము ఆలోచన నిచ్చినది. మిత్రుల దేహములు దానిని విద్యగా మార్చినవి.

1879లో ఫుకుద మరణించెను. ఆయన వ్రాతచుట్టలు కానోకు సంక్రమించెను. పద్దెనిమిదేండ్ల యువకునకు అది గౌరవము, భారము కూడ. వ్రాతలో పట్ల పేర్లు, క్రమము ఉండును. పట్టునందలి బిగి ఉండదు. అందుచేత ఆయన ఇసో మసతొమొ అను మరియొక గురువు నాశ్రయించెను. 1881లో ఇసోయు కాలగతి చెందగా, కితో సంప్రదాయమున ఆరితేరిన ఈకుబొ వద్ద చేరెను. 1882లో టోకియోలోని ఎయిషోజి అను బౌద్ధాలయమున, 12 చాపలు పట్టు గదిలో, కోడోకన్ అను శిక్షణశాలను స్థాపించెను.

జూడో అనగా నిలిచి పడవేయుట మాత్రమే కాదు. పడిన ప్రత్యర్థిని నేలపై అదిమిపట్టుటయు అందొక భాగము. ఆ పట్లలో మొదటిది కెస-గతమె. కెస అనగా బౌద్ధభిక్షువు భుజము మీదుగా ఏటవాలుగా ధరించు వస్త్రము; మన కాషాయ శబ్దమే చీనా మీదుగా జపాను చేరి ఆ రూపము దాల్చినది. పైనున్నవాడు ప్రత్యర్థి ప్రక్కన కూర్చుండి, ఒక చేయి మెడ చుట్టును వేసి, వాని చేతిని తన చంకలో బిగించి, రొమ్ముపై బరువు మోపును. అడ్డముగా పరుండి పట్టునది యోకొ-షిహొ. తలవైపు నుండి పట్టునది కమి-షిహొ. గుర్రమెక్కినట్లు పైనెక్కి పట్టునది తతె-షిహొ. చిత్రములో చేయి ఎచట నున్నదో కనబడును. బరువు ఎచట నున్నదో కనబడదు. కండలు బిగించి ఉడుంపట్టు పట్టినవాడు సులభముగా దొర్లింపబడును. దేహమును సడలించి, క్రిందివాడు ఎటు కదలిన అటు కాళ్లు జరుపుచు బరువు నిలుపుకొన్నవాడే పైన నిలుచును.

ఈ రహస్యము కోడోకన్ వారికిని ఓటమి మూలముననే బాగుగా తెలిసినది. నేలపట్లలో అసాధారణుడగు ఫుసెన్ సంప్రదాయపు తనబె మతయెమొన్ వారిలో కొందరిని ఓడించెను. అటుపిమ్మట నేలపట్ల సాధన పెరిగెను. 1906లో కానో అధ్యక్షతన క్యోటోలో పలు సంప్రదాయముల పెద్దలు కూడి, నేలవిద్యకు 15 పట్లతో కతమె-నొ-కత అను పాఠక్రమమును స్థిరపరచిరి. అందు విశేష మేమనగా, క్రిందనున్నవాడు ఊరక పడియుండడు. పలువిధముల తప్పించుకొన యత్నించును. ఎదురు లేనిదే పట్టు పరీక్షకు నిలువదు. ఆయన శిష్యుడగు మయెద మిత్సుయో 1914లో బ్రెజిలు చేరెను. ఆ దేశమున నేలపట్లకు నేడున్న ప్రఖ్యాతికి మూలమచటనే కలదు.

కానో వృత్తిచే ఉపాధ్యాయుడు. టోకియో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు 20 ఏండ్లకు పైగా అధ్యక్షుడుగా నుండెను. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున ఆసియా నుండి తొలి సభ్యుడయ్యెను. 1938లో కైరో సమావేశము ముగించుకొని మరలుచు, మే 4వ తేదీన ఓడపైననే కన్నుమూసెను. 1964లో టోకియో ఒలింపిక్ క్రీడలలో జూడో చేరినది. అది చూచు భాగ్యము ఆయనకు దక్కలేదు.

నేడు నేలపట్లను చూపు వీడియోలు ఫోనులోనే లభించుచున్నవి. ఒక్క కదలికను పదిమారులు త్రిప్పి చూడవచ్చును. కానోకు ఆ సౌకర్యము లేదు. అవి చూచి నేర్చుకొనుట తప్పు కాదు. కాని విద్యార్థులు ఆయన క్రమము మరువరాదు. ఒక పట్టును చూచి, దానిని ఎదురించు మిత్రునిపై పెద్దల పర్యవేక్షణలో సాధన చేయవలెను. మిత్రుడు చేతితో తట్టిన క్షణమే విడువవలెను. పిమ్మట తానును క్రింద పరుండి, ఆ బరువు తనపై ఎట్లుండునో తెలిసికొనవలెను. ఉపాధ్యాయులును పాఠము చూపి ఊరకుండక, విద్యార్థి దానిని ప్రయోగించి తప్పుటకు తగిన చోటు కల్పింపవలెను. కానో తన 12 చాపల గదిలో కల్పించినది అదియే.