పెర్ల్ బక్ నేర్చుకొనిన పాఠము

చీనా రైతుల జీవితమును లోకమునకు చూపిన పెర్ల్ బక్‌కు 1920లో ఆ దేశముననే కేరల్ అను కుమార్తె జన్మించెను. ఏండ్లు గడచినను బిడ్డ బుద్ధి వికసింపలేదు. అందుకు మూలమైన ఫినైల్‌కీటోన్యూరియా వ్యాధిని వైద్యశాస్త్రము 1934లో గాని కనుగొనలేదు. తల్లి పట్టుదలతో అక్షరములు దిద్దించుచు ఒకనాడు బిడ్డ చేయి పట్టుకొనగా, అది చెమటతో తడిసియుండెను. తనను సంతోషపెట్టుటకే ఆ పసిది అంతగా శ్రమించుచున్నదని గ్రహించి, ఆమె ఆ చదువు మాన్పించెను. 1929లో అమెరికాలోని వైన్‌లాండ్ శిక్షణాలయమున చేర్చి, ఆ వ్యయమునకై విరివిగా రచనలు చేసెను. అక్షరము రాని కేరల్‌కు సంగీతమనిన ప్రాణము. బిడ్డ ఆనందమే విద్యకు కొలమానమని తల్లికి బోధపడెను. 1938లో నోబెల్ బహుమతి నందిన ఆ రచయిత్రి, 1950లో గాని ఈ కథను గ్రంథముగా వెలువరింపలేదు. తమ బిడ్డలను చాటున దాచుకొనిన తల్లిదండ్రుల కెందరికో అది ధైర్యము నొసగెను.