కార్ల్ గుస్తావ్ యూంగ్

కార్ల్ గుస్తావ్ యూంగ్ (జూలై 26, 1875 - జూన్ 6, 1961) స్విట్జర్లాండుకు చెందిన సుప్రసిద్ధ మనోవైద్యుడు, విశ్లేషణాత్మక మనోవిజ్ఞాన స్థాపకుడు. మనిషి తనలోని చేతన, అచేతన అంశాలను సమన్వయపరచుకొని సంపూర్ణ వ్యక్తిగా రూపొందే క్రమాన్ని ఈయన ఇండివిడ్యుయేషన్ అన్నాడు. దీనిని తెలుగులో వైయక్తీకరణ అనవచ్చును.

బాల్యము, విద్య

యూంగ్ కెస్విల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి పాల్ యూంగ్ క్రైస్తవ మతబోధకుడు. బాసెల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి, 1900లో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ మానసిక చికిత్సాలయంలో చేరాడు. 1903లో ఎమ్మా రౌషెన్‌బాక్‌ను వివాహమాడాడు. వీరికి అయిదుగురు సంతానం.

ఫ్రాయిడ్‌తో మైత్రి

1907లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను కలిశాడు. ఫ్రాయిడ్ ఈయనను తన వారసునిగా భావించాడు. 1910లో ఏర్పడిన అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘానికి యూంగ్ తొలి అధ్యక్షుడు. అయితే మానసిక శక్తి అంతా లైంగికమైనదేనన్న వాదాన్ని అంగీకరించలేక 1913లో ఆయనకు దూరమయ్యాడు. తరువాత కొన్నేళ్ళు తీవ్రమైన అంతర్మథనానికి లోనై, తన కలలను, ఊహాచిత్రాలను ఒక గ్రంథంలో పొందుపరచాడు. ఎర్ర పుస్తకంగా పేరుపొందిన ఆ గ్రంథం 2009లో గాని ప్రచురింపబడలేదు.

వైయక్తీకరణ సిద్ధాంతం

ఈ పదం యూంగ్ సృష్టించినది కాదు. ఒకే జాతికి చెందిన రెండు వస్తువులు వేర్వేరు కావడానికి మూలమేమిటని మధ్యయుగ ఐరోపా తత్వవేత్తలు చర్చించారు. ఆ మూలం దేశకాలాలేనని షోపెన్‌హోవర్ చెప్పాడు. యూంగ్ యౌవనంలో ఆయన రచనలు చదివాడు. జీవశాస్త్రంలో ఈ పదం ఒక జీవి ప్రత్యేక వ్యక్తిగా ఏర్పడటాన్ని సూచిస్తుంది. యూంగ్ దీనిని మనస్సుకు అన్వయించి, 1921లో వెలువడిన సైకలాజికల్ టైప్స్ గ్రంథంలో నిర్వచించాడు. విత్తనం వృక్షమైనట్లే మనస్సు కూడా తన సమగ్రరూపం వైపు సహజంగా ఎదుగుతుందని ఈయన భావన. ఇందుకు మనిషి లోకానికి చూపే ముసుగును గుర్తించాలి, తాను అంగీకరించని చీకటి పార్శ్వమైన ఛాయను ఎదుర్కోవాలి. ఇది స్వార్థం కాదు, సమాజాన్ని విడిచిపోవడమూ కాదు.

భారతదేశ పర్యటన

1937 చివరలో భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవాలకు ఆహ్వానంపై వచ్చాడు. కలకత్తా, కాశీ, అలహాబాదు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. రమణ మహర్షిని మాత్రం దర్శించలేదు. ఇతరుల సత్యాన్ని స్వీకరించక, తన సత్యాన్ని తానే వెదకుకోవాలన్నది ఈయన నిశ్చయం. అయినా మహర్షిపై హైన్రిచ్ జిమ్మర్ రచించిన గ్రంథానికి 1944లో ఉపోద్ఘాతం వ్రాశాడు.

విమర్శలు, చివరి దశ

1933లో, నాజీల పాలన మొదలయ్యాక, జర్మనీ కేంద్రంగా ఉన్న మానసిక చికిత్సకుల సంఘానికి అధ్యక్షుడు కావడం, యూదుల మనస్తత్వం గురించి చేసిన వ్యాఖ్యలు తీవ్ర విమర్శలకు గురయ్యాయి. ఛాయను గుర్తించమని బోధించినవాడే తన ఛాయను గుర్తించలేదని విమర్శకులు భావిస్తారు. 1944లో గుండెపోటు నుండి కోలుకొని మరి కొన్ని ముఖ్య గ్రంథాలు రచించాడు. 1961లో కుస్నాక్ట్‌లో మరణించాడు. అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అనే విభజన ఈయన ద్వారానే ప్రాచుర్యం పొందింది.