కెప్లరు మహాశయుని జీవితము

రాత్రివేళ ఆకాశమును చూచినయెడల, జ్యోతులన్నియు మన చుట్టు తిరుగుచున్నట్లే తోచును. ప్రాచీనులలో అనేకులు అట్లే నమ్మిరి. క్రీ. శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని టాలెమీ భూమి కదలక మధ్యనుండునని చెప్పి, గ్రహముల వక్రగతిని వివరించుటకై వృత్తముమీద వృత్తమును కల్పించెను. 1543లో కోపర్నికసు సూర్యుని మధ్యకు తెచ్చెను గాని, వృత్తములను మాత్రము విడువలేదు. వాటిని విడిచినవాడు కెప్లరు.

జోహానెస్ కెప్లరు 1571వ సంవత్సరము డిసెంబరు 27న జర్మనీదేశమున వైల్ అను చిన్న పట్టణమున జన్మించెను. బాల్యమున మశూచికము సోకి ఇతని కన్నులు మందగించెను. ఆరవయేట తల్లి ఇతనిని వెంటబెట్టుకొనిపోయి 1577 నాటి గొప్ప తోకచుక్కను చూపెను. దైవసేవకుడు కావలెనని ట్యూబింగెన్ విద్యాలయమున చేరిన ఇతనికి, అచటి గురువగు మేస్ట్లిను కోపర్నికసు మతమును బోధించెను. 1594లో ఇతడు గ్రాట్జు నగరమున గణితోపాధ్యాయుడయ్యెను.

1600లో ఇతడు ప్రాగు నగరమున టైకో బ్రాహీయను జ్యోతిశ్శాస్త్రజ్ఞుని చేరెను. దూరదర్శిని లేని ఆ కాలమున టైకో కొలతలకు సాటియైనవి లేవు. మరుసటియేట టైకో మరణింపగా ఆ లెక్కలు కెప్లరునకు దక్కెను. కుజగ్రహము యొక్క మార్గమును కనుగొనుటకు ఇతడు ఏండ్ల తరబడి శ్రమించెను. వృత్తమును గ్రహించి చేసిన లెక్క టైకో కొలతలతో ఎనిమిది కళలు మాత్రమే భేదించెను. అది పూర్ణచంద్రబింబపు వెడల్పులో నాల్గవవంతు. ఈ జీవితమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే. ఆ స్వల్పభేదమును ఉపేక్షించిన అడుగువారు లేరు. కాని టైకో కొలతలు అంత తప్పవని ఇతడెరుగును. కావున తన లెక్కనే త్రోసివేసెను. తుదకు గ్రహమార్గము దీర్ఘవృత్తమనియు, సూర్యుడు దాని నాభులలో ఒకదానియందుండుననియు, గ్రహము సూర్యుని సమీపించినప్పుడు వేగముగను, దూరమైనప్పుడు మెల్లగను నడుచుననియు 1609లో ప్రకటించెను. ప్రదక్షిణకాలపు వర్గము సరాసరి దూరపు ఘనముననుసరించి యుండునని 1619లో తెలిపెను.

ఇతని జీవితము సుఖమయము కాదు. ఇతని వృద్ధమాతపై మంత్రగత్తె యను నింద పడెను. 1620లో ఆమెను చెరబెట్టగా, కెప్లరు స్వయముగ పోయి వాదించెను. 1621లో ఆమె విడుదలయయ్యెను. రావలసిన జీతపు బాకీకై తిరుగుచు, 1630 నవంబరు 15న రేగెన్స్‌బర్గు నగరమున ఇతడు కన్నుమూసెను. యుద్ధములలో ఇతని సమాధియు నశించెను.

అయినను ఇతని లెక్క నశింపలేదు. 1631 నవంబరు 7న బుధుడు సూర్యబింబము నడ్డముగ దాటునని ఇతడు ముందే తెలిపియుండెను. ఆ దినమున పారిసు నగరమున గాసెండీ ఆ చిన్న నల్లని చుక్కను కన్నులార చూచెను. 1687లో న్యూటను ఆకర్షణసిద్ధాంతముచే కెప్లరు నియమములకు కారణము చూపెను.

లెక్క కొంచెము తప్పినప్పుడు, జవాబునకు సరిపడునట్లు అంకెను దిద్దవలెనను కోరిక మనకందరకును కలుగును. అట్టి సమయమున ఆ ఎనిమిది కళలను తలచుకొందుము గాక.