హిమసీమల టెన్సింగ్ నార్గే

మా మాచారెడ్డి ప్రాంతంలో మంచు అంటే చలికాలపు వేకువలో చెరువు మీద పరచుకునే పొగమంచు. గడ్డకట్టిన నీరు అంటే యాసంగి వరిని రాల్చిపోయే వడగండ్లు. అయినా తాడ్వాయి గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన నాటి నుండి హిమాలయం మాకు చేరువైంది. ఆ ఏడే ఏప్రిల్ 18న నేపాల్ వైపు దారిలో మంచుచరియ విరిగిపడి 16 మంది శ్రామికులు మరణించారు. పూర్ణ, ఖమ్మం ప్రాంతపు ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుండి ఎక్కారు. వారు శిక్షణ పొందిన డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో తొలి శిక్షణాధిపతి అయిన టెన్సింగ్ నార్గేను ఇక్కడ స్మరించదలచాము. ఆయన శిఖరవిజయం లోకవిదితమే. మంచును ఎరిగిన మనిషిగా ఆయనను చూడాలన్నది మా కోరిక.

1914లో ఒక షెర్పా పశుపాలక కుటుంబంలో జన్మించిన టెన్సింగ్‌కు చదువుకునే భాగ్యం కలుగలేదు. హిందుస్థానీతో సహా అనేక భాషలు మాట్లాడడం మాత్రం అలవడింది. 1935లో బ్రిటిష్ దళం వెంట మూటలు మోసే కూలీగా తొలిసారి ఎవరెస్టు దారి పట్టారు. అప్పటికే 1922లో అదే కొండపై మంచుచరియ ఏడుగురు షెర్పాలను బలిగొన్నది. 1937లో నంగా పర్బత్‌పై గుడారాల్లో ఉన్న 16 మందిని ఒకే రాత్రి మంచు కప్పివేసింది. వారిలో తొమ్మిది మంది షెర్పాలే.

ఇంతటి మంచు ఎందుకు జారుతుంది? హిమం పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగు పొర బలహీనంగా ఉండి, దాని మీద కొత్త మంచో, గాలి తోలుకొచ్చిన మంచో బరువుగా చేరితే, పాతగోడ సున్నపు పెచ్చు ఊడినట్లు పైపొర ఒక్క పెట్టున విడిపోతుంది. 30 నుండి 45 డిగ్రీల వాలు మిక్కిలి ప్రమాదకరం. చాలా సందర్భాల్లో ఆ పొరను కదిలించేది అక్కడ నడిచే, లేదా స్కీలపై జారే మనిషి బరువే. కూరుకుపోయినవారిని పావుగంటలో వెలికితీయకపోతే ఆశ వేగంగా సన్నగిల్లుతుంది.

1950 శీతాకాలంలో థార్న్‌లీ, క్రేస్, మార్ష్ అనే ముగ్గురు ఆంగ్లేయులతో టెన్సింగ్ నంగా పర్బత్ చేరారు. అది ఎక్కే ఋతువు కాదు. కొత్త మంచు లోతును చూచి షెర్పాలు పైకి రాబోమన్నారు. టెన్సింగ్ వారి పక్షాన నిలిచారు. జీతం ఇచ్చేవారి మాటకు ఎదురాడడం కూలీకి ఎంత కష్టమో మనమెరుగనిది కాదు. ఆంగ్లేయులే ముందుకు సాగారు. పాదాలు మంచుకు దెబ్బతిని మార్ష్ తిరిగివచ్చాడు. మిగిలిన ఇద్దరి గుడారం ఒకనాడు కంటికి కనిపించలేదు. వారిని వెదకడానికి టెన్సింగ్, మార్ష్ బయలుదేరారు గాని, లోతైన మంచు అడుగు సాగనివ్వలేదు. ఆ ఇద్దరూ దొరకనే లేదు.

1952లో స్విస్ దళానికి చెందిన లాంబెర్ట్‌తో ఆయన సుమారు 8,595 మీటర్ల ఎత్తు చేరారు. ఆ శరదృతువులోనే మింగ్మా దోర్జే అనే సహచరుడు మంచుగడ్డలు మీదపడి మరణించాడు. 1953 మే 29న హిల్లరీతో శిఖరానికి పోతున్నపుడు, దక్షిణ శిఖరం కింది నిట్టవాలులో పాదం కింద మంచు నమ్మదగినదిగా లేదని ఇద్దరికీ తోచింది. అయినా ఎక్కారు. నంగా పర్బత్‌పై వద్దన్న మనిషి ఇక్కడ సరేననడం ఎట్లా? వేకువ చలిలో మంచు కొంత బిగిసి ఉంటుందనుకున్నా, ఇందులో అదృష్టం పాలు లేదనలేము.

తరువాత ఆయన స్విట్జర్లాండులో శిక్షణ పొంది, 1954 నవంబరులో ఆరంభమైన డార్జిలింగ్ సంస్థలో 1976 దాకా యువకులకు కొండ ఎక్కే విద్య నేర్పారు. 1986 మే 9న కన్నుమూశారు. దహనసంస్కారం ఆ సంస్థ ఆవరణలోనే జరిగింది. తాడ్వాయి అమ్మాయి శిక్షణ పొందిన చోటు కూడ అదే.