మూడోసారి పాసైన భీమవరం అబ్బాయి



రాత్రి ఎనిమిదిన్నర. లెక్క తేలడం లేదు. మీ పాప తనకిక రాదంటూ పెన్సిల్ విసిరేసి, నోట్‌బుక్ మూసేసింది. పగలంతా పనిచేసి వచ్చిన మీకూ ఓపిక అయిపోయింది. గొంతు పెంచే ముందు ఒక్కసారి యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోండి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆయన ఆలోచన. ఇంట్లోవాళ్లు వెనక్కి తెచ్చి మళ్లీ బడికి పంపారు. అయినా మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు.

తర్వాతి దారీ సాఫీగా సాగలేదు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ కాకుండా, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది.

అయినా అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ సంస్థకు మారాక, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకూ అది పనికొచ్చింది. ఫైలేరియా మందు, పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలిరోజుల్లో వాడిన మందు కూడా ఆ బృందం కృషే. 1948లో ఆయన కన్నుమూశారు.

పరీక్ష తప్పిన ప్రతివారూ శాస్త్రవేత్తలైపోతారని చెప్పడం లేదు. రెండుసార్లు తప్పిన పిల్లవాడికి మూడోసారి కూర్చునే వీలు దొరికింది. ఈసారి ఊరు మారింది, బడి మారింది. ఆ వీలే లేకపోతే తర్వాతి కథే లేదు.

మన ఇంట్లో ఆ మూడోసారి ఈ రాత్రే కావచ్చు. పుస్తకం పక్కన పెట్టి పది నిమిషాలు పాపను లేవనివ్వండి, మంచినీళ్లు తాగనివ్వండి. తర్వాత లెక్క మొత్తం కాదు, ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో అడగండి. మీరు చేసిపెట్టకండి. అప్పటికీ రాకపోతే, ఎంతవరకు ప్రయత్నించిందో డైరీలో రెండు ముక్కలు రాసి పంపండి. మిగతాది మర్నాడు క్లాసులో టీచర్ చూసుకుంటారు. పాపను మాత్రం ఏడుస్తూ పడుకోనివ్వకండి.